వెరా లిన్ గొంతు యుద్ధంతో పుట్టలేదు, యుద్ధంతో ఆగలేదు

పాత పాటల గ్రూపుల్లో ఉన్నవాళ్ళకు ఈ పోస్టు కొత్త కాదు. మే నెలలో యూరప్ విజయ దినం నాడు ఒకసారి, ఆమె వర్ధంతి వచ్చే జూన్‌లో ఇంకోసారి తప్పకుండా తిరుగుతుంది. నలుపు తెలుపు ఫొటో. చుట్టూ సైనికులు, మధ్యలో నవ్వుతూ ఒక అమ్మాయి. కింద రాత ఇంచుమించు ఇలా ఉంటుంది:

"వెరా లిన్ రెండో ప్రపంచ యుద్ధం పుణ్యమా అని పైకొచ్చిన గాయని. సైనికుల్లో ధైర్యం నింపడానికి బ్రిటిష్ ప్రభుత్వం, బీబీసీ కలిసి తయారు చేసిన గొంతు. ఆమెకున్నది ఒకే ఒక్క పాట. 1945లో యుద్ధం ముగిసింది, ఆమె కెరీర్ కూడా ముగిసింది. ఆ తర్వాత 1964లో బీటిల్స్ వెళ్ళేదాకా అమెరికాలో నంబర్ వన్ అయిన బ్రిటిష్ గొంతే లేదు."

ఐదు మాటలు. ఐదింట్లో ఏదీ నిలబడదు. ఒకటి రెండింటి వెనక కొంత నిజం ఉంది, అది ఎంతవరకో కూడా చెబుతాను. ఈ పోస్టు పంపేవాళ్ళలో ఎక్కువమంది ఆమెను ఇష్టపడేవాళ్ళే, వాళ్ళతో నాకు పేచీ లేదు. కానీ ఏడేళ్ళ వయసులో స్టేజీ ఎక్కి డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో దిగిన మనిషి జీవితాన్ని ఆరేళ్ళకు కుదించి చెబుతుంటే చూస్తూ ఊరుకోబుద్ధి కాదు.

చివరి మాటతో మొదలుపెడతాను. ఎందుకంటే అది అభిప్రాయం కాదు, తేదీలు చూసుకుంటే తేలిపోయే సంగతి. బీటిల్స్ అనే బ్రిటిష్ బృందం పాడిన 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్' అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది 1964 ఫిబ్రవరి 1న. వెరా లిన్ పాడిన 'అవుఫ్ వీడర్‌జేన్, స్వీట్‌హార్ట్' అదే పత్రిక ప్రకటించే రికార్డుల అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరింది 1952 జూలైలో. అప్పటికి బీటిల్స్‌లో ఒకడైన జాన్ లెనన్‌కు పదకొండేళ్ళు. పైగా ఆ పాట ఒక వారం మెరిసి మాయమైంది కాదు. తొమ్మిది వారాలు అక్కడి నుంచి కదల్లేదు. అమెరికా జాబితాలో ఆ స్థానం అందుకున్న మొదటి బ్రిటిష్ కళాకారిణి ఆమే.

తప్పు ఎక్కడ దొర్లిందో ఊహించడం కష్టం కాదు. బిల్‌బోర్డ్ 'హాట్ 100' అనే జాబితా మొదలైంది 1958 ఆగస్టులో. అంతకు ముందు అమ్మకాలకు ఒకటి, రేడియోలో వేసిన పాటలకు ఒకటి, నాణెం వేస్తే పాట వినిపించే జ్యూక్ బాక్సుల్లో ఆడిన పాటలకు ఒకటి వేరువేరుగా ఉండేవి. ఇప్పుడు ఎవరు వెతికినా హాట్ 100 మాత్రమే చూస్తారు. 1952 నాటి పాట అందులో ఎలా కనపడుతుంది? పోనీ, ఆ ఒక్క జాబితానే పట్టుకుందాం అన్నా పోస్టులో మాట నిలవదు. క్లారినెట్ వాయించే ఏకర్ బిల్క్ 'స్ట్రేంజర్ ఆన్ ద షోర్'తో 1962 మేలో, టోర్నడోస్ బృందం 'టెల్‌స్టార్'తో 1962 డిసెంబర్‌లో హాట్ 100లోనే మొదటి స్థానం అందుకున్నారు. ఆ రెండూ గొంతులు కావు, వాయిద్యాలు, నిజమే. కానీ బ్రిటన్ నుంచి వెళ్ళినవే.

బీటిల్స్ గొప్పతనాన్ని తగ్గించాలని ఇదంతా చెప్పడం లేదు. 1964 ఏప్రిల్ మొదటి వారంలో అమెరికా జాబితాలో మొదటి ఐదు స్థానాలూ వాళ్ళవే. అలాంటిది అంతకు ముందు లేదు. వాళ్ళ వెనకే బ్రిటిష్ బృందాలు వరసగా వెళ్ళాయి. వెరా లిన్ వెనక అలా ఎవరూ వెళ్ళలేదు, అదీ నిజమే. కానీ "పెద్ద ఎత్తున" అన్న మాట వేరు, "మొట్టమొదట" అన్న మాట వేరు. పోస్టు ఈ రెండింటినీ కలిపేసింది.

ఆ పాట గురించి ఇంకొక్క సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 'అవుఫ్ వీడర్‌జేన్' అంటే జర్మన్ భాషలో 'మళ్ళీ కలుద్దాం, సెలవు' అని. బాణీ కట్టింది ఎబర్‌హార్డ్ స్టోర్హ్ అనే జర్మన్. లండన్ మీద జర్మన్ బాంబులు పడుతున్న రాత్రుల్లో పాడి పేరు తెచ్చుకున్న మనిషి, యుద్ధం ముగిసిన ఏడేళ్ళకు, జర్మన్ బాణీని, జర్మన్ వీడ్కోలు మాటను నోటి నిండా పలికింది. వెనక కోరస్ పాడింది బ్రిటిష్ నావికులు, సైనికులు, వైమానిక దళం వాళ్ళు. ఆ పాటను అమెరికా నెత్తిన పెట్టుకుంది. ఆమె జీవితంలో వాణిజ్యపరంగా అన్నింటికంటే పెద్ద విజయం ఇదే. యుద్ధం రోజుల పాట కానే కాదు.

ఇక "యుద్ధం పుణ్యమా అని పైకొచ్చింది" అన్న మాట.

వెరా మార్గరెట్ వెల్ష్ 1917 మార్చి 20న తూర్పు లండన్ ఈస్ట్ హామ్‌లో పుట్టింది. తండ్రి ప్లంబింగ్ పని, తల్లి బట్టలు కుట్టేది. ఏడో ఏట నుంచి కార్మికుల క్లబ్బుల్లో పాడటం మొదలుపెట్టింది. వారమంతా పని చేసి వచ్చిన మగవాళ్ళు బీరు గ్లాసులు ముందు పెట్టుకుని కబుర్లాడుకునే చోట్లు అవి. పాట నచ్చకపోతే కబుర్లు ఆపరు. అలాంటి గదిలో ఒక చిన్నపిల్ల నిలబడి అందరినీ తన వైపు తిప్పుకోవాలి. ఆమె అసలు చదువు అక్కడ జరిగింది. స్టేజీ మీద బాగుంటుందని అమ్మమ్మ పుట్టింటి పేరు 'లిన్' తీసుకున్నది కూడా చిన్నప్పుడే.

1935లో జో లాస్ బృందంతో రేడియోలో మొదటిసారి పాడింది. తర్వాత చార్లీ కుంజ్ బృందం. 1936లో క్రౌన్ కంపెనీ ఆమె పేరు మీద విడిగా రికార్డు వేసింది. ఆ కంపెనీ రికార్డులు మామూలు పది అంగుళాలవి కావు, తొమ్మిది అంగుళాలవి. వుల్‌వర్త్ దుకాణాల్లో ఆరు పెన్నీలకు అమ్మేవాళ్ళు. అంటే ఆమె గొంతు మొదట చేరింది చవక రికార్డు తప్ప కొనలేని ఇళ్ళకు. 1937లో ఆంబ్రోజ్ బృందంలో చేరింది. లండన్‌లో ఖరీదైన హోటళ్ళలో వాయించే, బ్రిటన్ డ్యాన్స్ బ్యాండ్లన్నిటిలో పెద్ద పేరున్న బృందం అది. యుద్ధం ప్రకటించింది 1939 సెప్టెంబర్‌లో. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు, స్టేజీ అనుభవం పదిహేనేళ్ళు.

డ్యాన్స్ బ్యాండులో గాయని పని ఎలా ఉండేదో తెలిస్తే ఆమె గొంతు అర్థమవుతుంది. అక్కడ ముఖ్యం బ్యాండు. జనం వచ్చేది నాట్యం చేయడానికి. గాయని పక్కన కుర్చీలో కూర్చుని ఉంటుంది. సగం పాట అయ్యాక లేచి మైకు దగ్గరికి వచ్చి ఒక చరణం పాడి మళ్ళీ వెళ్ళి కూర్చుంటుంది. ఆ నిమిషంలోనే మాట స్పష్టంగా వినపడాలి, తాళం తప్పకూడదు, మనసుకు తగలాలి. మైకు రాకముందు హాలు చివరిదాకా వినపడేలా గొంతెత్తాల్సి వచ్చేది. మైకు వచ్చాక ఎదురుగా ఉన్న ఒక్క మనిషితో మాట్లాడుతున్నట్టు పాడొచ్చు. వెరా లిన్ ఆ తరం మనిషి. మిగతా గాయనులు ఎంచుకునే శ్రుతి కంటే బాగా కిందిది ఆమెది. గమకాల పటాటోపం లేదు. ప్రతి అక్షరం విడివిడిగా, చివరిదాకా పలుకుతుంది. గరగరలాడే రేడియో ముందు ఎక్కడో ఎడారిలో కూర్చున్న కుర్రాడికి మాట మాటా అర్థమయ్యే గొంతు కావాలి. నా దృష్టిలో ఆమెను సైనికులకు దగ్గర చేసింది ఈ స్పష్టతే. అది క్లబ్బుల్లో, బ్యాండుల్లో నేర్చిన పని. యుద్ధం ఇచ్చింది కాదు.

అన్నింటికంటే నన్ను బాధపెట్టేది రెండో మాట: "ప్రభుత్వం, బీబీసీ తయారు చేసిన గొంతు." జరిగింది దాదాపు దీనికి తలకిందులు.

'సైన్యం ప్రియురాలు' అన్న అర్థం వచ్చే 'ఫోర్సెస్ స్వీట్‌హార్ట్' అనే బిరుదు ఏ మంత్రిత్వ శాఖా ఇవ్వలేదు. యుద్ధం మొదట్లో, ఇంకా పెద్దగా పోరాటం లేని నెలల్లో, డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక మీకు ఇష్టమైన గాయకులు ఎవరని సైనికులను అడిగింది. వాళ్ళు వెరా లిన్ పేరు చెప్పారు. బిరుదుకు పునాది అదే.

1941 నవంబర్‌లో బీబీసీలో 'సిన్సియర్లీ యువర్స్' అనే కార్యక్రమం మొదలైంది. ఆదివారం రాత్రి, అరగంట. సైనికులకు ఉత్తరం రాస్తున్నట్టు ఉండేది దాని తీరు. ఇందులో ఒక భాగం గురించి ఎప్పుడు తలుచుకున్నా నాకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఆమె ప్రసూతి ఆసుపత్రులకు వెళ్ళేది. భర్త సముద్రాల అవతల ఉన్న బాలింతలకు పూలు ఇచ్చి, పిల్లను చూసి, ఆ రాత్రి రేడియోలో చెప్పేది: ఫలానా ఆయనా, మీకు బిడ్డ పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఉత్తరం చేరాలంటే వారాలు, ఒక్కోసారి నెలలు పట్టే రోజులు. తను తండ్రినయ్యానన్న సంగతి ఆ మనిషికి రేడియోలో తెలిసేది.

ఈ కార్యక్రమం మీద బీబీసీ పాలకమండలి తన మినిట్స్‌లో రాసుకున్న మాట చరిత్రలో ఉండిపోయింది. కార్యక్రమం శోచనీయం, అయినా ఆదరణ ఉన్నట్టు గమనించాం అని దాని తాత్పర్యం. సైనికాధికారుల్లో, పెద్ద వర్గాల్లో కొందరు ఇంకా ముందుకు వెళ్ళారు. ఇలాంటి మెత్తటి పాటలు వింటే కుర్రాళ్ళకు ఇంటి మీద బెంగ పుడుతుంది, పోరాడే పట్టు సడలిపోతుంది, వాళ్ళకు వినిపించాల్సింది కవాతు పాటలని వాదించారు. 1942లో బీబీసీ డ్యాన్స్ సంగీతం మీద ఒక కమిటీ వేసి నియమాలు పెట్టింది. మగ గాయకులు నీరసంగా పాడకూడదు, గాయనులు అతిగా కరిగిపోతూ పాడకూడదు. ఆమె పేరు ఎత్తకపోయినా గాలి ఎటు వీస్తోందో అందరికీ తెలుసు.

ఆమె జవాబు చాలా మామూలుగా ఉంటుంది. వాళ్ళు దేనికోసం పోరాడుతున్నారో గుర్తు చేసేది ఇల్లు, ఇల్లాలు, అమ్మ. అవి గుర్తొస్తే మనిషి బలహీనపడడు అనేది ఆమె నమ్మకం. ఎవరిది సరైనదో సైనికుల ఉత్తరాలే తేల్చాయి. తయారు చేసినవాళ్ళే తమ సరుకును ఇలా అణచాలని చూస్తారా?

బర్మా సంగతీ అంతే. 1944లో బ్రిటన్ కళాకారులను ముందు వరసలకు పంపే ఎన్సా అనే సంస్థ ఉండేది. ఎవరూ వెళ్ళని చోటికి పంపమని ఆమే అడిగింది. అలా వచ్చింది బర్మా పేరు. అక్కడున్న పద్నాలుగో సైన్యాన్ని 'మరిచిపోయిన సైన్యం' అనేవాళ్ళు. పత్రికలన్నీ యూరప్ యుద్ధం గురించే రాసేవి. ఆమె ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న శంషేర్‌నగర్ వైమానిక స్థావరంలో, చిట్టగాంగ్‌లో, కాక్స్ బజార్‌లో, బర్మా పడమటి తీరంలోని అరకాన్ దారి పొడవునా పాడింది. తోడు ఒక పియానో వాద్యగాడు, లారీ వెనక ఎక్కించిన ఒక చిన్న పియానో. తడికీ కుదుపులకూ పియానో శ్రుతి ఎప్పుడో తప్పింది. ఎండకు మేకప్ కరిగి కారిపోతుంటే అది మానేసి, ఖాకీ నిక్కరు తొడుక్కుని పాడింది. సభ అయ్యాక ఆసుపత్రి గుడారాల్లోకి వెళ్ళి మంచం మంచం దగ్గరా ఆగేది. ఇది నెలల తరబడి సాగిన ప్రయాణం. 1985లో ఆమెకు బర్మా స్టార్ పతకం ఇచ్చింది దీనికే.

తెలుగువాళ్ళకు ఈ అరకాన్ దారి కొత్త పేరు కాదు. రంగూన్ ఓడరేవులో, బియ్యపు మిల్లుల్లో పనిచేసిన మనవాళ్ళను బర్మాలో 'కోరంగీలు' అనేవాళ్ళు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయినప్పుడు ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయిన వేలమందిలో కొందరు వచ్చింది అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కే, కాలినడకన. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది. రెండేళ్ళ తర్వాత ఒక లండన్ గాయని లారీ వెనక పియానో పెట్టుకుని వెళ్ళింది ఆ దారుల్లోనే.

ఇక్కడే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పద్నాలుగో సైన్యంలో ఎక్కువమంది భారతీయులు. ఆమె పాటలు వాళ్ళ భాషవి కావు, వాళ్ళ ఇంటి గురించీ కావు. ఆమె దిగిన బెంగాల్‌లో అంతకు ముందు ఏడాదే కరవుకు లక్షలమంది చనిపోయారు. ఆ పాపంలో బ్రిటిష్ పాలన వాటా చిన్నది కాదు. ఆమెను మెచ్చుకునేవాళ్ళు కొందరు ఆమె పాడితే బర్మా అడవులన్నీ పులకించాయన్నట్టు రాస్తారు, అది కూడా అబద్ధమే. ఆమె వెళ్ళింది తన దేశపు కుర్రాళ్ళ కోసం. ఆ పనిని ఎవరూ పురమాయించకుండా తనంతట తాను అడిగి, ప్రాణానికి తెగించి చేసింది. నేను వెనకేసుకొస్తున్నది అంతవరకే.

"ఒకే ఒక్క పాట" అన్న మాటకు వద్దాం. ఆ ఒక్క పాట 'వీల్ మీట్ ఎగైన్', మళ్ళీ కలుద్దాం అని. రాసి బాణీ కట్టింది రాస్ పార్కర్, హ్యూగీ చార్లెస్. ఆమె దాన్ని రికార్డు చేసింది 1939లో. ఇందులో చాలామందికి తెలియని తిరకాసు ఒకటుంది. సినిమాల్లో, డాక్యుమెంటరీల్లో తరచుగా వినిపించే ఆ పాట, చివర్లో మగవాళ్ళంతా గొంతు కలిపి పాడే పాట, 1939 నాటిది కాదు. పెద్ద ఆర్కెస్ట్రాతో, సైనికుల కోరస్‌తో 1953లో తిరిగి రికార్డు చేసింది. అసలు రికార్డులో కోరస్ లేదు, ఆర్కెస్ట్రా లేదు. ఆర్థర్ యంగ్ అనే ఆయన నోవాకార్డ్ మీద వాయించాడు, అంతే. హేమండ్ కంపెనీ అప్పుడే తెచ్చిన విద్యుత్ వాయిద్యం అది, ఇప్పటి సింథసైజర్‌కు పెద్దన్న లాంటిది.

మొన్న ఒక ఆదివారం మా అమ్మాయికి రెండూ ఒకదాని వెంట ఒకటి వినిపించాను, ఏది ఎప్పటిదో చెప్పకుండా. 1953ది విని "ఇది యుద్ధం పాట కదా" అంది. 1939ది పెట్టగానే ఫోన్ పక్కన పెట్టి వింది. నోవాకార్డ్ స్వరం నీళ్ళలోంచి వస్తున్నట్టు కొద్దిగా వణుకుతూ ఉంటుంది. దాని మీద ఇరవై రెండేళ్ళ పిల్ల గొంతు ఒంటరిగా, తొందర లేకుండా నడుస్తుంది. ఎప్పుడో తెలియదు, ఎక్కడో తెలియదు అని ఆమె పలికే చోట ఏడుపు లేదు, ధైర్యం చెప్పే డాంబికం కూడా లేదు. "ఈవిడ ఎవరికో విడిగా చెబుతోంది" అంది మా అమ్మాయి. నాకు కావాల్సిన సాక్ష్యం దొరికింది. యుద్ధం నాటి గొంతు అని ఈ పోస్టు పంచుకుంటున్నవాళ్ళు తలుచుకుంటున్నది చాలావరకు యుద్ధం తర్వాత రికార్డు చేసిన గొంతును.

మిగతా పాటల సంగతి క్లుప్తంగా. యుద్ధకాలంలోనే 'యువర్స్', 'ద వైట్ క్లిఫ్స్ ఆఫ్ డోవర్' ఉన్నాయి. రెండోదాని మాటలు రాసింది నాట్ బర్టన్ అనే అమెరికన్. ఆయన ఇంగ్లండ్ తీరపు డోవర్ కొండల మీద ఎగరేసిన బ్లూబర్డ్ పిట్టలు అమెరికావి, ఇంగ్లండ్‌లో లేనివి. లేని పిట్టల్ని కూడా జనం చేత నమ్మించింది ఆ గొంతు. తర్వాతి పాటల గురించి కింద చెబుతాను, ఎందుకంటే నాలుగో మాటకు జవాబు అవే.

"1945లో ఆమె కెరీర్ కూడా ముగిసింది." కొంత నిజం ఉందన్నది ఇక్కడే. 1941లో ఆమె బ్యాండులో వాయించే హ్యారీ లూయిస్‌ను పెళ్ళి చేసుకుంది. 1946లో కూతురు పుట్టింది. కొంతకాలం ఇంటి పట్టున ఉంది. తిరిగి వచ్చేసరికి బీబీసీ ధోరణి మారలేదు. 1940ల చివర్లో, మీ తరహా పాటలకు ఇక రోజులు చెల్లాయన్నట్టు మాట్లాడింది. ఆమె రేడియో లక్సెంబర్గ్‌కు వెళ్ళి పాడింది. పోస్టు రాసిన వాళ్ళు కథను ఇక్కడ ఆపేశారు. కథ ఇక్కడ ఆగలేదు.

1952 వేసవిలో అమెరికాలో ఏం జరిగిందో పైన చూశాం. ఆ ఏడాది నవంబర్ 14న బ్రిటన్‌లో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ పత్రిక మొట్టమొదటిసారి సింగిల్ రికార్డుల అమ్మకాల జాబితా అచ్చు వేసింది. పేరుకు పన్నెండు స్థానాలు, సమానంగా వచ్చినవి కలుపుకుంటే పదిహేను పాటలు. అందులో మూడు వెరా లిన్‌వి: 'ఫర్గెట్ మీ నాట్', 'ద హోమింగ్ వాల్ట్జ్', 'అవుఫ్ వీడర్‌జేన్, స్వీట్‌హార్ట్'. ఆ మొదటి జాబితాలో మూడు పాటలున్న మనిషి ఇంకొకరు లేరు. కెరీర్ ముగిసి ఏడేళ్ళయిందంటున్న గాయని పరిస్థితి ఇది.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే విప్పాలి. "అంత గొప్పదైతే బ్రిటన్‌లో నంబర్ వన్ ఒక్కటే ఎందుకుంది?" అని అడిగేవాళ్ళున్నారు. ఆ ఒక్కటి 1954 నవంబర్ నాటి 'మై సన్, మై సన్'. అడిగే ముందు ఒక్కటి గుర్తుంచుకోవాలి: 1952 నవంబర్‌కు ముందు ఆ లెక్కే లేదు. పాట ఎంత నడిచిందో చెప్పడానికి అచ్చు వేసిన స్వరాల కాగితాలు ఎన్ని అమ్ముడయ్యాయో చూసేవాళ్ళు, ఎవరు పాడారన్నది అందులో రాదు. 1939లో, 1941లో ఆమె రికార్డులు ఎన్నో స్థానంలో ఉన్నాయో ఇవాళ ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే స్థానాలే లేవు. 'అవుఫ్ వీడర్‌జేన్' జోరంతా వేసవిలో ఉండగా జాబితా పుట్టింది చలికాలం వచ్చాక. తూకం వేసే కాటా రాకముందు పండిన పంటను లేదనడం ఏ లెక్క?

ఆ తర్వాత టీవీలో సొంత కార్యక్రమాలు. 1967లో, అంటే బీటిల్స్ అమెరికాను ఊపేసిన మూడేళ్ళకు, 'ఇట్ హర్ట్స్ టు సే గుడ్‌బై' పాట బిల్‌బోర్డ్ ఈజీ లిజనింగ్ జాబితాలో మొదటి పదిలోకి వచ్చింది. 1969లో ఓబీఈ అనే బ్రిటిష్ పురస్కారం, 1975లో డేమ్ బిరుదు. 1995లో యూరప్ విజయానికి యాభై ఏళ్ళు నిండినప్పుడు బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు పాడి, ఆ తర్వాత సభల్లో పాడటం మానేసింది. నూరేళ్ళు నిండినప్పుడు, 2017లో, 'వెరా లిన్ 100' అనే ఆల్బమ్ బ్రిటన్‌లో మూడో స్థానానికి చేరింది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ భయంతో దేశమంతా ఇళ్ళలో ఉన్నప్పుడు ఎలిజబెత్ రాణి తన ప్రసంగాన్ని 'వీల్ మీట్ ఎగైన్' పాట మాటతోనే ముగించింది, మళ్ళీ కలుద్దాం అని. అదే ఏడాది జూన్ 18న, నూట మూడేళ్ళ వయసులో వెరా లిన్ కన్నుమూసింది.

పోస్టు ఎలాగూ బీటిల్స్ పేరు ఎత్తింది కాబట్టి 2009 సెప్టెంబర్ రెండో వారం సంగతి కూడా చెబుతాను. బీటిల్స్ ఆల్బమ్‌లన్నీ శబ్దం శుభ్రం చేసి కొత్తగా విడుదల చేశారు. ప్రపంచమంతా హడావుడి. బ్రిటన్ ఆల్బమ్ జాబితాలో వాటిలో కొన్ని మొదటి పదిలోకి వచ్చాయి. ఆ వారం మొదటి స్థానంలో ఉన్నది మాత్రం వెరా లిన్ పాత పాటల సంకలనం. అప్పటికి ఆమెకు తొంభై రెండేళ్ళు. బతికుండగా ఆ వయసులో ఆ స్థానం అందుకున్నవాళ్ళు అంతకు ముందు ఎవరూ లేరు.